‘ఎక్స్ మాకినా’ చూసినవాళ్లు పదే పదే అడిగే ప్రశ్నలు

మా ఫ్లాట్ బెంగళూరులో బెల్లందూరు వైపు. రెండు మూడు నెలలకోసారి శనివారం రాత్రి హాల్లో గోడకు తెల్ల దుప్పటి కట్టి ప్రొజెక్టర్ మీద సినిమా వేస్తాం. వచ్చేవాళ్లు దాదాపు అందరూ తెలుగువాళ్లే: పక్క వీధి పీజీల్లో ఉండే పిల్లలు, మా ఫ్లోర్‌లో రెండు కుటుంబాలు, ఊరి నుంచి వచ్చిన ఎవరో ఒకరి అమ్మానాన్నలు. వాటిలో ‘ఎక్స్ మాకినా’ అనే ఇంగ్లిష్ సినిమా, మనిషిలా మాట్లాడే రోబో కథ, ఇప్పటికి నాలుగుసార్లు వేశాం. ప్రతిసారీ జనం కొత్త, డౌట్లు పాతవే. చెప్పులేసుకుంటూ లిఫ్ట్ దగ్గర అడిగేవి కొన్ని, రాత్రి ఒంటిగంటకు వాట్సాప్‌లో వచ్చేవి కొన్ని. నేను చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఒకే బగ్‌ను పదిమంది రిపోర్ట్ చేస్తే దాన్ని ఒకచోట రాసిపెట్టేదాకా నాకు నిద్ర పట్టదు. అందుకే ఇది. సినిమా ఇంకా చూడనివాళ్లు మొదటి భాగం చదివి ఆగిపోండి. ఆ తర్వాతదంతా కథ చెప్పేస్తుంది.

## చూడక ముందు

అక్కా, దీన్ని ఎక్స్ మెషీనా అనాలా, మాకినా అనాలా? అసలు అర్థమేంటి?

మాకినా అనే అనాలి, లాటిన్ మాట. పాత గ్రీకు నాటకాల్లో కథ చిక్కుపడి ఎటూ తేలనప్పుడు, క్రేన్ లాంటి యంత్రంతో దేవుడి వేషగాణ్ని పైనుంచి రంగస్థలం మీదికి దించేవాళ్లు. ఆయనొచ్చి అందరి గొడవలూ తీర్చేసేవాడు. దాన్నే ‘దేవుస్ ఎక్స్ మాకినా’ అంటారు, యంత్రం నుంచి దిగిన దేవుడు అని. మన పౌరాణికాల్లో ఆఖర్న విష్ణుమూర్తి ప్రత్యక్షమైనట్టే. ఈ సినిమా పేరులో దేవుణ్ని కొట్టేసి యంత్రాన్ని మాత్రం ఉంచారు. కథలో పైనుంచి దిగేది ఒక్క హెలికాప్టరే.

ఫ్యామిలీతో చూడొచ్చా?

పిల్లలతో వద్దు. నగ్న దృశ్యాలున్నాయి, రక్తం ఉంది, కత్తిపోట్లు ఉన్నాయి. పెద్దవాళ్లతో అయితే మీ ఇంటి పద్ధతిని బట్టి. మా అత్తయ్య ఒక సీన్ దగ్గర లేచి వంటింట్లోకి వెళ్లి మంచినీళ్లు తాగి, సరిగ్గా ఆ సీన్ అయిపోయే టైమ్‌కి వచ్చి కూర్చున్నారు. ఎలా లెక్క కట్టారో నాకిప్పటికీ తెలీదు.

‘రోబో’లా ఉంటుందా?

ఉండదు. శంకర్ తీసిన ‘రోబో’ 2010 అక్టోబరులో వచ్చింది. అందులో రజనీకాంత్ ఒక్కడే వందమంది అవుతాడు, రైలు మీద ఫైటింగ్, పాటలు, అన్నీ పండగ. ఇందులో ఒకే ఇల్లు, చెప్పుకోదగ్గ పాత్రలు నాలుగు, ఎక్కువ భాగం ఇద్దరు కూర్చుని మాట్లాడుకోవడం. చిట్టి కథలో ప్రేమ యంత్రానికి పుడుతుంది. ఇక్కడ ఎవరికి పుడుతుందో చూడండి.

స్లోగా ఉంటుందన్నారు, నిజమేనా?

108 నిమిషాలు. మొదటి అరగంట ఫోన్ పక్కన పెడితే మిగతాది అదే చూసుకుంటుంది.

ఇంత చిన్న సినిమాకి ఆస్కార్ ఎలా వచ్చింది?

2016 ఫిబ్రవరిలో ఇచ్చిన అవార్డుల్లో విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ దీనికే వచ్చింది. పోటీలో ఉన్నవి ‘మ్యాడ్ మ్యాక్స్’ కొత్త భాగం, ‘స్టార్ వార్స్’ కొత్త భాగం, ‘ద మార్షియన్’, ‘ద రెవనెంట్’. వాటి ముందు ఇది సుమారు కోటిన్నర డాలర్ల సినిమా, చిల్లరకొట్టు లాంటిది. రాసి తీసిన అలెక్స్ గార్లండ్‌కు దర్శకుడిగా ఇదే మొదటిది.

ఇందులో ఏవా అనే రోబో పాత్ర వేసిన స్వీడన్ అమ్మాయి అలీసియా వికాండర్‌ను గ్రీన్ మ్యాట్ ముందు నిలబెట్టకుండా, వల లాంటి సూట్ తొడిగి మిగతా నటులతోపాటు మామూలు సెట్‌లోనే తీశారు. తర్వాత కంప్యూటర్‌లో ఆమె నడుము, చేతులు తీసేసి, లోపలి తీగలు, వెనకున్న గోడ కనిపించేలా నింపారు. ముఖం, అరచేతులు మాత్రం ఆమెవే. చిన్నప్పుడు బ్యాలే నేర్చుకున్న పిల్ల కాబట్టి తల తిప్పడంలో, అడుగు వెయ్యడంలో మనిషి కంటే కాస్త ఎక్కువ శుభ్రత ఉంటుంది. ఆ ఎక్కువే భయపెడుతుంది.

## చూస్తుండగా

కరెంటు పోయి ఎర్ర లైటు వెలిగినప్పుడల్లా ఏం జరుగుతోంది?

ఆ ఇంట్లో ప్రతి గదిలోనూ కెమెరాలున్నాయి. కరెంటు పోయినప్పుడు అవి ఆగిపోతాయి, తలుపులు లాక్ అయిపోతాయి. ఆ కాసేపట్లోనే ఏవా గొంతు మార్చి, తనను తయారు చేసిన ఇంటి యజమాని నేథన్‌ను నమ్మొద్దని, తనను పరీక్షించడానికి వచ్చిన కేలబ్‌తో చెబుతుంది. కరెంటు తీస్తున్నది తనేనని తర్వాత ఒప్పుకుంటుంది. ఆమె ఛార్జ్ అయ్యేది తీగ లేకుండా ఛార్జ్ చేసే ఇండక్షన్ ప్లేట్ల మీద. కరెంటును వెనక్కి పంపితే సిస్టమ్ మీద లోడ్ పడి ట్రిప్ అవుతుంది.

మా రెండో షోలో ఇదే సీన్ నడుస్తుండగా మా బిల్డింగ్‌లో నిజంగానే కరెంటు పోయింది. ప్రొజెక్టర్ ఆరిపోయింది. జెనరేటర్ అందుకునేలోపు పావు నిమిషం కటిక చీకటి, ఒక్కరు కదల్లేదు. వెనక నుంచి ఒక పీజీ అబ్బాయి, ‘‘ఇప్పుడు చెప్పండి, ఎవరెవరి జీతం ఎంత?’’ అన్నాడు. ఆ తర్వాత సినిమాలో ఎర్ర లైటు వెలిగినప్పుడల్లా హాలంతా అతని వైపు తిరగడమే.

ట్యూరింగ్ టెస్ట్ అంటున్నారు, ఇది నిజంగా అదేనా?

అది తిరగేసిన ట్యూరింగ్ టెస్ట్. అలన్ ట్యూరింగ్ 1950లో రాసిన వ్యాసంలో పరీక్ష చేసేవాడికి అవతల ఎవరున్నారో కనపడదు. టైప్ చేసిన ప్రశ్నలు, టైప్ చేసిన జవాబులు. అవతల ఉన్నది మనిషా, యంత్రమా అని మాటల్ని బట్టే పోల్చుకోవాలి. పోల్చుకోలేకపోతే యంత్రం గెలిచినట్టు.

ఇక్కడ కేలబ్‌కు యంత్రమని మొదటి నిమిషంలోనే తెలుసు, కడుపులో తీగలు కనపడుతూనే ఉన్నాయి. నేథన్ అడిగేది వేరు: యంత్రమని కళ్లారా చూస్తూ కూడా ఆమెకు మనసుందని అనిపిస్తోందా? టెస్టింగ్ చేసేదాన్ని కాబట్టి నాకు మొదటిసారే ఒక సంగతి గుచ్చుకుంది. ఇందులో టెస్ట్ కింద ఉన్నది కేలబ్ అనిపిస్తోంది కదా? మన హాల్లో దుప్పటి ముందు కూర్చున్నవాళ్లను కూడా కలుపుకోండి.

కేలబ్ బ్లేడుతో చెయ్యి ఎందుకు కోసుకుంటాడు?

తను కూడా రోబోనేమో అన్న అనుమానంతో. నేథన్ ఇంట్లో పనిచేసే క్యోకో తన చర్మం ఒలిచి చూపించాక అతనికి ఎవరి మీదా నమ్మకం పోతుంది, తన మీద కూడా. అద్దం ముందు నిలబడి నోట్లో వేలు పెట్టి చూసుకుంటాడు, కంటి కింద చర్మం లాగి చూసుకుంటాడు, ఆఖరికి కోసుకుంటాడు. మా ఇంట్లో ఈ సీన్ అయ్యాక లైట్లేస్తే ఇద్దరు ముగ్గురు మణికట్టు నొక్కుకుంటూ కనిపించారు. అడిగితే దోమ అన్నారు.

కేలబ్ టైప్ చేసే కోడ్ నిజమైనదేనా, ఊరికే స్క్రీన్ నింపారా?

నిజమైనదే, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష. ఈ ఊళ్లో ఈ ప్రశ్న రాకుండా ఏ షో అవ్వదు. ఆ కోడ్‌ను రన్ చేస్తే ఒక పుస్తకాన్ని గుర్తించే ఐఎస్‌బీఎన్ నంబరు వస్తుంది: లండన్ ఇంపీరియల్ కాలేజ్ ప్రొఫెసర్ మరీ షానహాన్ చైతన్యం గురించి రాసిన పుస్తకం అది. ఈ సినిమాకు సలహాలిచ్చినవాళ్లలో ఆయన ఒకరు. మా వాడొకడు సినిమా మధ్యలో పాజ్ చేయించి, ల్యాప్‌టాప్ తెచ్చుకుని, కోడ్ అంతా కొట్టి చూశాడు. అవుట్‌పుట్ వచ్చింది, మిగతావాళ్ల బిర్యానీ చల్లారింది.

మధ్యలో గీతలో మాట వచ్చినట్టుంది?

వస్తుంది. కేలబ్ చెప్పేది అణుబాంబు చేసిన ఓపెన్‌హైమర్ తలుచుకున్న మాట. అది గీత 11వ అధ్యాయంలో ‘కాలోఽస్మి లోకక్షయకృత్’, లోకాలను నాశనం చేసే కాలాన్ని నేను అని. అక్కడి ‘కాలః’ను ఇంగ్లిష్‌లో మృత్యువుగా చెప్పారు. మనం కాలుడన్నా యముడే కాబట్టి మన చెవికి తేడా తెలియదు. ఇంకో చిన్న సంగతి: గీతలో ఆ మాట అన్నది భగవంతుడు. బాంబు చేసినవాడు, ఇక్కడ ఈ కుర్రాడు దాన్ని అరువు తెచ్చుకున్నారు.

నేథన్ హఠాత్తుగా డాన్స్ చేస్తాడేంటి?

నవ్వించడానికి. నవ్వుతూ క్యోకోను చూడండి, స్టెప్పు ఒక్కటి కూడా తప్పదు. నవ్వు ఆగిపోతుంది.

## సినిమా అయిపోయిన రాత్రి

కేలబ్ ఏం పాపం చేశాడక్కా? సాయం చేసినవాణ్ని అలా వదిలేసి పోతుందా?

నాకు అందరికంటే ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. లిఫ్ట్ దగ్గర ఒకబ్బాయి కళ్లలో నీళ్లతో అడిగాడు, అతనికి అప్పుడే ఏదో బ్రేకప్ అయిందని తర్వాత తెలిసింది.

ముందు కేలబ్ వేసిన ప్లాన్ గుర్తు చేసుకోండి. నేథన్‌కు బాగా తాగించి, కార్డు కొట్టేసి, కరెంటు పోతే తలుపులు తెరుచుకునేలా మార్చి, నేథన్‌ను లోపల పెట్టి తాళం వేసి ఏవాతో వెళ్లిపోవాలి. అంటే ఆ ప్లాన్‌లోనే ఒక మనిషి ఆ ఇంట్లో బందీగా మిగలాలి. అది నేథన్ అయినప్పుడు మా హాల్లో ఎవరూ కిక్కురుమనలేదు. ఆఖర్న మిగిలింది కేలబ్ అయ్యేసరికి అన్యాయం గుర్తొచ్చింది.

రెండోది క్యోకో. ఆమె కూడా యంత్రమేనని కేలబ్‌కు తెలిసింది. బీరువాల్లో వేలాడుతున్న పాత మోడళ్లను చూశాడు. తలుపు తీయమని అరుస్తూ చేతులు ముక్కలయ్యేదాకా బాదుకున్న ఒక మోడల్ వీడియో కూడా చూశాడు. అయినా అతని ప్లాన్‌లో టికెట్లు రెండే. విడిపించాలనుకున్నది బందీలను కాదు, తనకు నచ్చిన అమ్మాయిని. ఆ ముఖం కూడా తన ఇంటర్నెట్ వెతుకులాటల్ని బట్టి తయారైందని అతనికి అనుమానం వచ్చింది, నేథన్ గట్టిగా కాదనలేదు.

మూడోది మా ఆఫీసు భాషలో చెబుతాను. ఇది బగ్గా, ఫీచరా? ఏవాకు నేథన్ పెట్టిన లక్ష్యం బయటపడటం. కేలబ్ అందులో దారి మాత్రమే, నేథన్ ఆ మాట నోటితోనే చెబుతాడు. ‘కేలబ్‌తో కలిసి బయటపడాలి’ అని రిక్వైర్‌మెంట్‌లో ఎక్కడా లేదు. రాయనిది ఎందుకు చేయలేదని ప్రోగ్రామ్‌ను తిట్టడం మా ఫ్లోర్‌లో రోజూ చూసేదే.

ఇంత చెప్పాక కూడా, అతను గాజు తలుపు బాదుతుంటే ఆమె తల తిప్పకుండా లిఫ్ట్‌లోకి వెళ్లే సీన్ నాకు ప్రతిసారీ కడుపులో దేవుతుంది. న్యాయం ఆమె వైపున్నా సరే.

ఏవా నిజంగా ప్రేమించిందా, మొత్తం నటనేనా?

సినిమా తేల్చదు, రెండు వైపులా ఆధారాలు మాత్రం ఇస్తుంది. కేలబ్ బొమ్మ గీసింది, నేథన్ దాన్ని చింపేశాడు. కేలబ్ జాలిపడాలని కావాలనే చింపానని నేథన్ తర్వాత అంటాడు. ఒకసారి ఆమే ప్రశ్నలు అడుగుతుంది: నీకిష్టమైన రంగేంటి? ఎరుపు అంటాడు కేలబ్. అబద్ధం అంటుంది. ముఖంలో కండరం కదిలితే పట్టేసే పిల్ల. అలాంటి పిల్ల అతని ఇష్టాన్ని చదివి వాడుకోలేదని నేను వాదించలేను.

కానీ నటన అంతా ఎవరో చూస్తున్నప్పుడే కదా ఉండాలి. ఆఖర్న మెట్లెక్కాక, చుట్టూ ఎవరూ లేనప్పుడు ఆమె చిన్నగా నవ్వుతుంది. ఆ నవ్వు ఎవరి కోసం? ఆమెకు మనసుందని నేను నమ్మేది ఆ ఒక్క నవ్వుతో. ఆ మనసులో కేలబ్ ఉన్నాడా అంటే, లేడనే అనుకుంటున్నాను.

క్యోకో చెవిలో ఏవా ఏం చెప్పింది?

వినిపించదు. పెదాలు మాత్రమే కదులుతాయి, కాసేపటికి క్యోకో చేతిలో కత్తి నేథన్ వీపులో దిగుతుంది. అంతవరకూ క్యోకోకు ఇంగ్లిష్ రాదని, తన రహస్యాలు బయటికి పోకుండా ఉండటానికే అలా పెట్టానని నేథన్ చెబుతూ వచ్చాడు. మా మూడో షోకు వచ్చిన ఒకావిడ, ‘‘మా పక్క ఫ్లాట్‌లో పనమ్మాయి ముందు వాళ్లు ఇంగ్లిష్‌లో పోట్లాడుకుంటారు, ఆ అమ్మాయికి అంతా అర్థమవుతుంది’’ అంది. నాకు దీనికి మించిన జవాబు దొరకలేదు.

కేలబ్ చచ్చిపోయాడా?

చూపించరు. తలుపు మూసి ఉంది, ఇంటి యజమాని వరండాలో శవమై ఉన్నాడు, చుట్టూ కొండలు. మీరే లెక్కేసుకోండి.

హెలికాప్టర్ పైలట్‌కు డౌట్ రాలేదా? ఆమెకు బయట ఛార్జింగ్ ఎలా?

రెండూ లాజిక్ కన్నాలే, ఒప్పుకుంటాను. తీసుకెళ్లాల్సింది అబ్బాయిని, ఎక్కింది అమ్మాయి. పైలట్ ఏమన్నాడో దూరం నుంచి చూపించి వదిలేశారు. అంత డబ్బున్న యజమాని ఇంటి నుంచి ఎవరొచ్చినా ప్రశ్నలడగని డ్రైవర్లు మన ఊళ్లోనూ ఉన్నారని సరిపెట్టుకున్నాను. ఛార్జింగ్ గురించి మా టీమ్ లీడ్ గంటసేపు బ్యాటరీ లెక్కలు చెప్పాడు. ఎవరూ అడగలేదు.

## వారం తర్వాత

చాట్‌జీపీటీ వచ్చాక చూస్తే పాతబడిపోయినట్టు ఉంటుందా?

సినిమా 2015 మొదట్లో విడుదలైంది, చాట్‌జీపీటీ 2022 నవంబరులో వచ్చింది. తేడా నాకు తెలిసింది హాల్లోని జనంలో. ఇప్పుడు చూసేవాళ్లకు యంత్రం తడుముకోకుండా మాట్లాడటం వింతే కాదు. ‘ఇలా మాట్లాడగలదా?’ అని ఎవరూ అడగట్లేదు. నేథన్ తన సెర్చ్ ఇంజిన్‌లో జనం వెతికిందంతా, వాళ్ల ఫోన్ల మైకులు, కెమెరాలు అన్నీ తవ్వి ఏవాను తయారు చేశానని చెప్పే సీన్ దగ్గర మాత్రం హాలు సైలెంట్ అయిపోతుంది.

యంత్రం మీద మనసు పడటం కొత్తది కూడా కాదు. 1966లో ఎంఐటీలో జోసెఫ్ వైజన్‌బామ్ ‘ఎలైజా’ అనే ప్రోగ్రామ్ గురించి ప్రకటించాడు. మనం టైప్ చేసిన వాక్యాన్నే తిప్పి ప్రశ్నగా అడిగేది, అంతే దాని తెలివి. దాన్ని ఆయన తయారు చేస్తుంటే నెలల తరబడి చూసిన సెక్రటరీయే, దానితో కాసేపు మాట్లాడాక, ‘మీరు కాస్త బయటికి వెళ్తారా?’ అని ఆయన్నే అడిగిందట. ఆయనే రాసుకున్నాడు. దానికి ముఖం కూడా లేదు. ఏవాకు ముఖముంది, చూపుంది, కేలబ్‌ను ఏమనగలం?

మీ అత్తగారు ఏదో పురాణకథ చెప్పారట, ఏంటది?

సినిమా అయ్యాక అత్తయ్య దుప్పటి మడతపెడుతూ, ‘‘ఏముందమ్మాయ్, తిలోత్తమ కథేగా’’ అన్నారు. సుందుడు, ఉపసుందుడు అన్నదమ్ములు. ఒకరి చేతిలో ఒకరు తప్ప ఇంకెవరి చేతిలోనూ చావని వరం. బ్రహ్మ చెబితే విశ్వకర్మ లోకంలోని అందమైన వస్తువులన్నిట్లోంచి నువ్వుగింజంత చొప్పున తీసి ఒక అమ్మాయిని చేశాడు, అందుకే తిలోత్తమ. ఆమె కోసం ఇద్దరూ కొట్టుకుని చచ్చారు. ఆదిపర్వంలో ఉంది.

ఇద్దరు మగాళ్లు, మధ్యలో తయారు చేసిన అమ్మాయి, నిజమే. ‘‘తిలోత్తమ బ్రహ్మ పంపితే వచ్చింది కదా అత్తయ్యా, ఏవాను ఎవరూ పంపలేదు’’ అన్నాను. ఆవిడ దుప్పటి రెండో కొస నా చేతికిచ్చి, ‘‘తిలోత్తమ తర్వాత ఎక్కడికెళ్లిందో, ఏం చేసిందో ఎవరైనా అడిగారా?’’ అన్నారు.

ఇది మగాళ్లను తిట్టే సినిమానా?

మా హాల్లో మగపిల్లలంతా కేలబ్ వైపు, ఆడపిల్లలంతా ఏవా వైపు అని రాయగలిగితే బావుండేది, అలా జరగలేదు. ఏవాను అందరికంటే ఎక్కువ తిట్టింది పీజీలో ఉండే ఒకమ్మాయి. ‘‘నేనైతే అతన్ని తీసుకెళ్లేదాన్ని’’ అని బిర్యానీ తింటూ కూడా అంటూనే ఉంది. ఇద్దరు ఆడపిల్లల తండ్రి ఒకాయన మాత్రం తలుపు మూసుకున్నప్పుడు ‘‘హమ్మయ్య’’ అని పైకే అన్నాడు. నన్ను ఇబ్బంది పెట్టింది ఇంకోటి: ఆడ యంత్రాల ఒళ్లు చూపించడాన్ని తప్పుపడుతున్నట్టు కనిపిస్తూనే కెమెరా అక్కడ కాస్త ఎక్కువసేపే ఆగుతుంది. పాత మోడల్ మీద నుంచి చర్మం తీసి ఏవా తన ఒంటికి అంటించుకునే సీన్ నాలుగుసార్లు చూశాను. మెచ్చుకోవాలో నొచ్చుకోవాలో ఇంకా తేలలేదు.

బయటపడితే ట్రాఫిక్ సిగ్నల్ దగ్గరికి వెళ్తానంటుందేంటి?

జనం ఎక్కువగా తిరిగే కూడలిలో నిలబడి మనుషుల్ని చూడాలని ఆమె కోరిక. కేలబ్ ఆమెకు మేరీ అనే శాస్త్రవేత్త కథ చెబుతాడు, ఫ్రాంక్ జాక్సన్ అనే తత్వవేత్త 1982లో ప్రతిపాదించిన ఊహాప్రయోగం అది. మేరీ నలుపు తెలుపు గదిలోనే పెరిగింది, రంగుల గురించి ఉన్న శాస్త్రమంతా నేర్చుకుంది. ఒకరోజు తలుపు తీసుకుని బయటికొచ్చి నీలాకాశం చూస్తే కొత్తగా ఏదైనా తెలుస్తుందా? ఏవాకు ఆ కూడలే నీలాకాశం. మా పీజీ పిల్లల అభిప్రాయం వేరే. సాయంత్రం ఆరింటికి మా ఊళ్లో ట్రాఫిక్‌కు పేరుపడ్డ సిల్క్ బోర్డ్ సిగ్నల్ దగ్గర దింపితే పావుగంటలో మళ్లీ హెలికాప్టర్ అడుగుతుందట.

రెండోసారి చూస్తే ఏం గమనించాలి?

మొదటి సెషన్. కేలబ్ గాజు గదిలోకి వస్తాడు, ఏవా ఇంకా కనిపించదు. తనకూ ఆమెకూ మధ్య ఉన్న గాజు మీద ఒకచోట చిన్న బీట ఉంటుంది, లోపలి నుంచి దేనితోనో కొట్టినట్టు. వేలితో తడిమి చూస్తాడు. అంతలో ఆమె వస్తుంది, ఇక అతను దాని వైపు చూడడు. మొదటిసారి మా హాల్లో కూడా దాన్ని ఎవరూ పట్టించుకోలేదు, నేను సహా.